మానేటి ఒడ్డుకు మా ప్రయాణం

పిల్లలూ! కిందటి దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా మనవలు ముగ్గురూ కట్టగట్టుకుని నా పడక్కుర్చీ చుట్టూ చేరారు. "తాతా, మనం బీచికి పోదాం" అన్నాడు చిన్నవాడు.

జగిత్యాలలో ఉండేవారికి బీచి ఎక్కడిది? ఏ దిక్కున బయలుదేరినా సముద్రం మూడువందల కిలోమీటర్ల పైమాటే. నేను ఆ మాటే అన్నాను.

"సముద్రం కాదు తాతా, చెరువు బీచి!" అంటూ మనవరాలు ఒక ఫోటో చూపించింది. అమెరికాలో చికాగో నగరంలో ఉంటున్న మా మేనల్లుడి పిల్లలు పంపిన ఫోటో అది. తెల్లని ఇసుక, నీలి నీళ్ళు, ఇసుకతో కట్టిన కోట. వెనుక అవతలి ఒడ్డు కనిపించదు. అది మిషిగన్ సరస్సు. ఆ పిల్లలు వేసవిలో కారెక్కి, ఆ సరస్సు ఒడ్డునే ఒక ఊరినుంచి మరొక ఊరికి పోతూ, ప్రతి ఊళ్ళోనూ ఇసుకలో ఆడుకున్నారట.

"మనకు మాత్రం లేవా తాతా? సిరిసిల్ల దగ్గర ఇదుగో, ఎంత పెద్ద నీలిరంగో చూడు!" అని పెద్దవాడు ఫోనులో మ్యాపు తెరిచి నా ముందు పెట్టాడు. అది మధ్య మానేరు జలాశయం. ఆ నీలిరంగును చూసి నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

"సరే, పోదాం. అయితే ప్రయాణం ఎట్లా చేయాలో మీరే రాసి తేవాలి. నేను దిద్దుతాను" అన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసినవాడికి ఎర్రసిరా కలం ఎక్కడికి పోతుంది?

మరునాడు పొద్దున్నే కాగితం సిద్ధమైంది. దసరా మరునాడే బయలుదేరాలి. జగిత్యాల, కోరుట్ల, వేములవాడ, సిరిసిల్ల, కరీంనగర్ మీదుగా తిరిగి జగిత్యాల. మానేటి మీద ఉన్న మూడు జలాశయాలూ చూడాలి. మూడింట్లోనూ ఈత కొట్టాలి. కారు గంటకు 80 కిలోమీటర్లు పోతుంది కనుక దారికి రెండున్నర గంటలు చాలు. మిగతా కాలమంతా ఆట!

మొదట దూరం సంగతి చూశాం. ఫోను పక్కన పెట్టి, అటకమీద ఉన్న నా పాత మ్యాపు దింపించాను. అందులో ఒక సెంటీమీటరుకు 5 కిలోమీటర్లు. తెల్లదారం ఒకటి తీసుకుని, రోడ్డు గీత ఎట్లా వంకరలు పోతే దారాన్ని అట్లా పరిచి, తరువాత స్కేలుమీద కొలవమన్నాను. పెద్దవాడి దారం 33 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 165 కిలోమీటర్లు. మా అబ్బాయి ఆ దారుల్లో తిరిగినవాడు. జగిత్యాల నుంచి కోరుట్ల 25, అక్కడినుంచి వేములవాడ 50, సిరిసిల్ల 12, కరీంనగర్ 40, మళ్ళీ జగిత్యాల 50 అని సుమారు లెక్క చెప్పాడు. కూడితే 177. "దారం ఎందుకు తక్కువ చెప్పింది?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్నను అట్లాగే ఉంచాను.

ఇక వేగం. గంటకు 80 అన్నది ఖాళీ రోడ్డుమీది మాట. మన దారుల్లో ప్రతి ఊరికీ రెండు స్పీడు బ్రేకర్లు ఉంటాయి. గొర్లమంద ఎదురు వస్తుంది. పంట కోతల నాడు రోడ్డుకు ఒక పక్కన వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. ఆగిన కాలమూ, నిదానించిన కాలమూ కలిపి చూసుకుంటే గంటకు 40 అనుకోవడమే మంచిది. 180 కిలోమీటర్లను 40తో భాగిస్తే నాలుగున్నర గంటలు. చూడవలసిన చోట్లకు విడిగా ఆరు గంటలు. పొద్దున ఏడింటికి బయలుదేరితే సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరతాం. జనవరి నడుమ మా వైపు సూర్యుడు ఆరింటికి అస్తమిస్తాడు. అంటే మాకు మిగిలేది అరగంటే!

"జనవరి ఎందుకు తాతా? మేము దసరా అన్నాం కదా" అన్నది మనవరాలు. ఇక్కడే ఎర్రసిరా ఎక్కువ పడింది.

వానలు పడినన్నాళ్ళూ ఏటి ఒడ్డు మనమాట వినదు. మానేరు పడమటినుంచి తూర్పుకు పారే నది. దానిమీద మొదటిది నర్మాల దగ్గరి ఎగువ మానేరు. ఇది నిజాం కాలంనాటి కట్ట. రెండవది మాన్వాడ దగ్గరి మధ్య మానేరు. మూడవది కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న దిగువ మానేరు. పైన వాన కురిస్తే కింద ఎండ కాస్తున్నా నీరు వస్తుంది. 2025 ఆగస్టు చివర వరద వచ్చినప్పుడు నర్మాల దగ్గర ఏటి అవతల చిక్కుకుపోయిన రైతులను హెలికాప్టరులో తీసుకురావలసి వచ్చింది. వాళ్ళు ఆ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళకే అట్లా జరిగితే సెలవులకు వచ్చిన మనకు ఏం తెలుస్తుంది? మధ్య మానేటికి 25 గేట్లు ఉన్నాయి. గేట్లు ఎత్తేముందు సైరను మోగిస్తారు. అది విన్న తరువాత నదిలో ఉండకూడదు. అందుచేత వానకాలం పూర్తిగా వెళ్ళిపోయి, నీరు ఇంకా నిండుగా ఉండే సంక్రాంతి సెలవులు నిర్ణయించాం. నర్మాల కొట్టివేశాను. సిరిసిల్ల నుంచి పోయి రావడానికి అదొక్కటే దాదాపు 60 కిలోమీటర్లు. చిన్నవాడు కాస్త మూతి ముడిచాడు.

తరువాత ఈత. దీన్ని కొట్టివేసినప్పుడు ముగ్గురూ మూతి ముడిచారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. సముద్రపు ఒడ్డున ఇసుక ఎందుకు ఉంటుంది? అలలు రాత్రీ పగలూ ఒడ్డును కడుగుతుంటాయి. తేలికైన మన్నును నీరు లోపలికి తీసుకుపోతుంది. బరువైన ఇసుక ఒడ్డునే మిగులుతుంది. మీ అమ్మ బియ్యం కడిగినప్పుడు తౌడు నీళ్ళతో పోయి గింజ గిన్నెలో నిలుస్తుంది చూడండి, అటువంటిదే. మిషిగన్ సరస్సు వైశాల్యం సుమారు 58 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో సగం! అంత నీటిమీద గాలి వీస్తే సముద్రంలో లేచినట్లే అలలు లేస్తాయి. వేల ఏళ్ళుగా అవి ఒడ్డును కడుగుతూనే ఉన్నాయి.

మన జలాశయాలు అటువంటివి కావు. వాటి అలలు చిన్నవి. పైగా నీటిమట్టం కార్తీకంలో ఒకచోట ఉంటే వైశాఖంలో మరొకచోట ఉంటుంది. అల ఒకే గీతమీద నిలిచి పనిచేయదు. అందుకని వీటి ఒడ్డున ఉండేది చాలాచోట్ల ఇసుక కాదు, మోకాటిలోతు బురద. ఆ బురద కిందటివరకూ ఎవరిదో పొలం. పొలమన్నాక ఒడ్లు ఉంటాయి, కాలువలు ఉంటాయి, బావులు ఉంటాయి. ముందు అడుగు మోకాలిలోతు, తరువాతి అడుగు నలభై అడుగుల బావి. పైనుంచి చూస్తే రెండూ ఒక్కటే నీలం.

నదిలోనూ అంతే. 2021 నవంబరులో సిరిసిల్ల దగ్గర మానేటిలో, ఒక చెక్‌డ్యాము వద్ద, బడిపిల్లలు కొందరు ఈతకు దిగారు. వాళ్ళు ఇంటికి తిరిగి రాలేదు. ఆ వార్త వచ్చిన రోజున నేను అన్నం తినలేకపోయాను. మీకు భయం పుట్టించడానికి ఇది రాయడం లేదు. ఈత నేర్చుకోండి. కాని నేర్చుకునేది పెద్దవారు నిలబడి చూస్తున్న, అడుగు తెలిసిన నీళ్ళలో.

మా సామానులో అన్నిటికంటే ముందు చేరినవి రెండు: ఇరవై మీటర్ల నైలాను తాడు, మూత గట్టిగా బిగించిన పది లీటర్ల ఖాళీ క్యాను. క్యాను ఎందుకని మీకు సందేహం రావచ్చు. నీళ్ళలో మన ఒళ్ళు ఇంచుమించు తేలేటంత తేలికగానే ఉంటుంది. తలను నీటిపైన నిలపడానికి మాత్రం కాస్త సాయం కావాలి. మూసిన పది లీటర్ల క్యాను దాదాపు పది కిలోల బరువును పైకి పట్టుకోగలదు. కనుక ఎవరైనా నీళ్ళలో పడితే వెంట దూకకూడదు. గట్టిగా కేక వేయాలి. తాడుకు క్యాను కట్టి విసరాలి. తాడు లేకపోతే కర్ర, చీర, కండువా, ఏది దొరికితే అది అందించాలి. ఒకరు 112కు ఫోను చేయాలి. మా ముగ్గురి చేతా ఈ పనిని పెరట్లో పదిసార్లు చేయించాను. చిన్నవాడు విసిరిన క్యాను రెండుసార్లు జామచెట్టులో ఇరుక్కున్నది.

మిగతా ఏర్పాట్లు త్వరగానే అయ్యాయి. మేము ఏడుగురం. మా కారులో ఐదుగురికే చోటు. "సర్దుకుందాం" అన్నవారి మాట వినక, ఏడుగురు కూర్చునే బండి మాట్లాడాం. వేములవాడలో ఆలయ విస్తరణ పనులు సాగుతున్నాయి కనుక దర్శనం ఎక్కడ, ఎప్పుడు అని ముందే కనుక్కున్నాం. సోమవారం రద్దీ ఎక్కువ, అందుకని మంగళవారం వద్దు, ఆదివారం వద్దు అంటూ మా ఆవిడ తన లెక్కలు తాను చూసి చివరకు బుధవారం ఖాయం చేసింది. పులిహోర, సకినాలు, సర్వపిండి, రెండు డబ్బాల నీళ్ళు ఆవిడ వంతు.

ఆనాడు ఏడింటికి బదులు ఏడుంపావుకు కదిలాం. మొదటి నీరు మా ఊళ్ళోనే చూశాం. జగిత్యాల కోట చుట్టూ ఉన్న కందకం! 1747లో కట్టినదని చెప్పే ఈ కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గుండ్రని బురుజు ముందు ఫిరంగి కంటపడని మూల ఒకటి మిగిలిపోతుంది. నక్షత్రపు కొనలైతే ఒకదానిముందు ఏముందో పక్కకొన నుంచి కనిపిస్తుంది. జాక్, తాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు కట్టినందున ఊరికి జగిత్యాల అనే పేరు వచ్చిందని ఒక కథ ఉన్నది. నేను నమ్మను. ఇటువంటి పేర్ల కథలు ఊరు పుట్టిన చాలాకాలానికి పుడతాయి.

కోరుట్లలో ఇడ్లీలు తిని, దక్షిణానికి మళ్ళి, కథలాపూర్ దారి పట్టాం. రోడ్డుకు అటూ ఇటూ పసుపుచేలు పండి ఆకు వాలి ఉన్నాయి. ఆ దారిలో వరదకాలువను దాటాలి. గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ జలాశయం ఉన్నది కదా, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినది. అక్కడ వరద ఎక్కువైనప్పుడు మిగులు నీటిని మధ్య మానేటికి తెచ్చే కాలువ ఇది. వందకిలోమీటర్ల పైన ఉంటుంది. 2019 తరువాత దీనికొక వింత గుణం వచ్చింది. రాంపూర్, రాజేశ్వరరావుపేటల దగ్గర పంపుహౌసులు కట్టి, కావలసినప్పుడు నీటిని వెనక్కు, శ్రీరాంసాగర్ వైపు ఎత్తిపోసే ఏర్పాటు చేశారు. ఒకే కాలువ, రెండు దిక్కులు! ఈనాడు ఎటు పారుతున్నదో తెలుసుకోవాలని పిల్లలు వంతెనమీద నుంచి ఒక మోదుగాకు వదిలారు. ఐదు నిమిషాలు చూశాం. ఆకు ఎటూ కదలలేదు.

వేములవాడలో రాజన్న దర్శనమైంది. వెయ్యేళ్ళ కిందట ఇది చాళుక్యరాజుల రాజధాని. కన్నడులు ఆదికవి అని కొలిచే పంపకవి ఇక్కడి అరికేసరి ఆస్థానంలోనే ఉన్నాడు. మన కాలపు కవి సి. నారాయణరెడ్డిగారు 1931లో పుట్టిన హనుమాజీపేట కూడా ఈ పక్కనే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపించింది. చిన్నవాడు ఆ తాళానికి తలాడిస్తూ నిలబడిపోయాడు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు ఇదేనని చెబితే, జేబులో అగ్గిపెట్టె ఉందా అని వాళ్ళ నాన్నను అడిగాడు.

సిరిసిల్ల నుంచి కరీంనగర్ దారిలో వంతెనమీదికి వచ్చేసరికి అందరూ మాటలు మానేశారు. ఇరుపక్కలా నీళ్ళే. మధ్య మానేరు!

ఈ జలాశయంలో 27 టి.ఎం.సి.లకు పైగా నీరు పడుతుంది. టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు. మన ఇళ్ళమీద వెయ్యి లీటర్ల ట్యాంకులు ఉంటాయి చూడండి, అటువంటివి 2 కోట్ల 83 లక్షలు నిండితే ఒక్క టి.ఎం.సి. మానేరూ, వేములవాడ మీదుగా వచ్చే మూలవాగూ ఇక్కడ కలుస్తాయి. కట్ట కడుతుండగా 2016 సెప్టెంబరులో వరదకు ఒకచోట తెగింది. తిరిగి కట్టాక 2019లో నిండింది.

అది నిండాలంటే ఊళ్ళు ఖాళీ కావాలి. అనుపురం, రుద్రారం, సంకెపల్లి, కొదురుపాక, చీర్లవంచ, చింతలఠాణా, వరదవెల్లి, ఇంకా కొన్ని ఊళ్ళవారు ఇళ్ళూ పొలాలూ వదిలి వచ్చారు. వారికోసం వేరుగా కాలనీలు కట్టారు. పరిహారం గురించి ఏళ్ళతరబడి అడుగుతూ వచ్చారు. 2024 నవంబరులో ప్రభుత్వం ఈ కుటుంబాలకు నాలుగువేలకు పైగా ఇళ్ళు మంజూరు చేసింది. వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయస్వామి గుడికి ఇప్పుడు పడవమీద పోతారు. ఎండాకాలం నీరు తగ్గితే మొండిగోడలూ, పాత రోడ్డూ బయటపడతాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు పనిచేసిన బడి ఈ నీళ్ళ కిందనే ఉన్నది. ఊరి పేరు చెప్పను. ఆ ఊళ్ళవారు ఎవరు చదివినా తమ ఊరే అనుకుంటారు, అట్లాగే అనుకోనివ్వండి. రెండు గదులు, ఒక వేపచెట్టు, ప్రహరీకి ఆవల మెట్లబావి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు ఆ బావిదగ్గరికే పరుగు తీసేవారు. నేను బెత్తం పట్టుకుని మొదటి మెట్టుమీద నిలబడేవాణ్ణి. ఆ మూడేళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

బండిని వంతెన దాటించి, రోడ్డుకు దూరంగా విశాలమైన చోట ఆపి, అందరం గట్టుమీద కూర్చున్నాం. నీటికి పది గజాల దూరంలో చున్నీ ఒకటి నేలమీద పరిచి అదే సరిహద్దు అన్నాను. పెద్దవాడు ఫోనులో నీలిరంగునూ, ఎదురుగా ఉన్న నీటినీ మార్చి మార్చి చూశాడు.

"మీ బడి ఎటువైపు తాతా?"

దూరంగా నీళ్ళలో తలలు పోయిన తాటిమోళ్ళు నాలుగు నిలబడి ఉన్నాయి. అవి ఊరి తూర్పువైపువే అయితే వాటికి ఎడమగా, రెండు పొలాల అవతల. అటు చేయి చూపించాను.

"బావి కూడా అక్కడేనా?"

"అక్కడే."

చిన్నవాడు పరిచిన చున్నీని మరో రెండు గజాలు వెనక్కు లాగి, దానిమీద కూర్చుని సకినాలు తిన్నాడు. ఒక చేపలవాని పడవ ఆ తాటిమోళ్ళ పక్కనుంచి మెల్లగా పోయింది. బయలుదేరేముందు మనవరాలు నా పాత మ్యాపు అడిగింది. అది జలాశయం లేనినాటి మ్యాపు. అందులో ఆ ఊళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. వాటి చుట్టూ నీలిపెన్సిలుతో మెల్లగా గీత గీసింది. పేర్లమీద మాత్రం రంగు వేయలేదు.

కరీంనగర్‌లో దిగువ మానేటి కట్టమీద గంటసేపు నడిచాం. కట్టమీద గాలి, ఎదుట నీరు, వెనుక ఊరు. పిల్లలు పరుగెత్తడానికి ఇంతకంటే మంచి చోటు ఆనాడు మాకు దొరకలేదు. తిరుగుదారిలో గంగాధర దగ్గర కురిక్యాల గుట్టమీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు మూడు భాషల్లో చెక్కించిన శాసనం ఉన్నది. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయగారికంటే దాదాపు వందేళ్ళు ముందువి. ఆగాలని నా మనసు పీకింది. అప్పటికే పొద్దు వాలుతున్నది. ఎర్రసిరాతో నేను గీసిన గీత నేనే దాటడం బాగుండదని ఊరుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఆరూ ఇరవై. అనుకున్నదానికంటే యాభై నిమిషాలు ఆలస్యం. బండి మీటరు 186 కిలోమీటర్లు చూపించింది. పెద్దవాడు ఆ అంకెను దారపు లెక్క పక్కన రాసి, కాసేపు కలం కొరికాడు.

"తెలిసింది తాతా! మ్యాపులో చిన్నచిన్న మలుపులు గీయరు. మనం మాత్రం ఆ మలుపులన్నీ తిరగాలి. అందుకే దారం తక్కువ చెప్పింది."

పదికి తొమ్మిది మార్కులు వేశాను. వంతెనమీదినుంచి వెనక్కు మళ్ళించి రెండోసారి చూసి వచ్చిన దూరాన్ని అతడు లెక్కలోకి తీసుకోలేదు.